జింక వేటలో ఎలుగుబంటి కన్నా నిచ్చెనే ప్రమాదం: అమెరికాలో తొలిసారి వేటకు వెళ్లేవారికి

నవంబరు వస్తే అమెరికాలో చాలా ఆఫీసుల్లో కాఫీ మెషీన్ దగ్గర మాటలన్నీ జింకల చుట్టే తిరుగుతాయి. టెక్సస్‌లోనో పెన్సిల్వేనియాలోనో ఉంటున్న మనవాళ్లను తోటి ఉద్యోగులు ‘ఈ శనివారం మాతో రారాదూ’ అని పిలవడం, వీళ్లు సరదాపడి ఊఁ అనడం కొత్తేమీ కాదు. ఊఁ అన్నాక అనుమానాలు మొదలవుతాయి. ఎలుగుబంటి ఎదురైతే? పాము కరిస్తే? అడగాల్సిన ప్రశ్నలే, కాకపోతే వరస తప్పింది. తెల్లతోక జింకల వేటలో దెబ్బలు తినేవాళ్లలో ఎక్కువమంది చెట్టుమీది మంచె నుంచి పడ్డవాళ్లే. ఆ తర్వాత తుపాకి, కత్తి, చలి, గుండె. కోరలున్న జంతువులు ఈ జాబితాలో బాగా వెనక ఉంటాయి. అందుకని ముందురోజు రాత్రి నుంచి మాంసం ఫ్రీజర్‌లో చేరేదాకా, రోజు నడిచే వరసలోనే చెబుతున్నాం.

ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, చట్టప్రకారం చేసే వేట గురించి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. కృష్ణజింకలాగా మొదటి షెడ్యూలులో ఉన్న జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ సరదా అక్కడ చూపించకండి.

1. తుపాకి ముట్టుకునే ముందు కాగితాలు

హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. అది లేకుండా స్నేహితుడి రైఫిల్‌ను ‘ఒక్కసారి పట్టుకుని చూస్తా’ అన్నా ఇబ్బందే. లైసెన్సుకు గడువు ఉంటుందని చాలామంది మరిచిపోతారు. టెక్సస్‌లో అది సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. అది ముగిసిన మర్నాడు మీ బీరువాలో తుపాకి ఉంటే మినహాయింపు పోయినట్టే. వీసా దాకా పోయే వ్యవహారం కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్క మాట అడిగి దిగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు.

లైసెన్సుతో పాటు శిక్షణ కూడా కావాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. వీలుంటే మైదానంలో నేర్పే కోర్సుకే వెళ్లండి. నిండు తుపాకి చేతిలో ఉన్నప్పుడు మనిషి ఎటు తిరుగుతాడో, గొట్టం ఎటు తిరుగుతుందో తెర మీద చూస్తే ఒంటపట్టదు.

2. ముందురోజు రాత్రి

మొదట ఇంట్లోవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి. కారు ఎక్కడ ఆపుతారు, ఏ మంచె మీద ఉంటారు (మ్యాప్‌లో గుర్తు పెట్టి పంపండి), ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటిదాకా కబురు లేకపోతే 911కు (అమెరికాలో అత్యవసర నంబరు) ఫోన్ చేయాలి. ఈ నాలుగో ముక్క రాయకపోతే మిగతా మూడూ ఉన్నా లాభం లేదు. ఇంట్లో వాళ్లు ‘ఇంకాసేపు చూద్దాం’ అనుకుంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటారు.

ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దాచుకోండి. సిగ్నల్ అందని చోటైతే ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం ఉంచుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో అత్యవసర సందేశానికి ఆ సౌకర్యం ఉంది. కాకపోతే ఆకాశం కనపడాలి, దట్టమైన చెట్ల కింద పనిచేయకపోవచ్చు. సంచిలో ఇవి ఉండాలి: తలకు కట్టుకునే దీపం, ఇంకో జత బ్యాటరీలు, ఈల (వరసగా మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నారని అర్థం), లైటరు, రేకు దుప్పటి, లీటరు నీళ్లు, గాయానికి పైన బిగించి రక్తం ఆపే పట్టీ (టూర్నికే). టూర్నికేను సంచి అడుగున పెట్టొద్దు. ఏ చేత్తోనైనా అందే బయటి జేబులో పెట్టి, ఒంటి చేత్తో తొడకు బిగించడం ఇంట్లోనే నాలుగుసార్లు సాధన చేయండి.

బట్టల్లో నూలు వద్దు. నూలు బనియను, జీన్స్ చెమటకు తడిశాక ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. లోపల ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ వేసుకోండి. మంచె దాకా పలచగా నడిచి, పైకెక్కాక మందపు కోటు తొడుక్కోండి. ఇంట్లోనే అన్నీ తొడుక్కుని అరమైలు నడిస్తే చెమట పడుతుంది, కూర్చున్న గంటకే వణుకు మొదలవుతుంది.

పైన నారింజరంగు తప్పనిసరి. పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్‌లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు, ఎటు నుంచి చూసినా కనపడేలా ఉండాలి. టెక్సస్ ప్రభుత్వ వేట భూముల్లో 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, పైగా నెత్తిన టోపీ. ప్రతి రాష్ట్రానికీ ఒక లెక్క, కాబట్టి ఆ రాష్ట్రం ఆ ఏటికి ఇచ్చిన వేట నియమాల పుస్తకం చూసుకోండి. ‘ఇంత మెరిస్తే జింక పారిపోదా’ అని అడుగుతారు. జింక కంటికి నారింజకు, ఆకుపచ్చకు పెద్ద తేడా తెలియదు. దానికి బాగా కనపడేది నీలం. నీలి జీన్స్, తెల్లగా మెరిపిస్తామని చెప్పే సబ్బుపొడి, ఈ రెండూ నారింజ కోటు కన్నా ముందే మిమ్మల్ని పట్టిస్తాయి.

ఇక పిడుదులు. పశువుల చెవుల్లో పట్టుకుని వేలాడే గోమార్ల జాతే. ఎండాకాలంతో వీటి బెడద పోతుందనుకోవద్దు. లైమ్ జబ్బును మోసే నల్లకాళ్ల పిడుదుల్లో పెద్దవి సరిగ్గా అక్టోబరు, నవంబరుల్లోనే విజృంభిస్తాయి. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఏ రోజైనా తిరుగుతాయి. 0.5 శాతం పెర్మెత్రిన్ మందును ప్యాంటు, సాక్సులు, బూట్ల మీద ఒకటి రెండు రోజుల ముందే ఆరుబయట చల్లి పూర్తిగా ఆరనివ్వండి. అది బట్టలకే, చర్మానికి కాదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు విషం కాబట్టి ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త. ఒంటికి 20 నుంచి 30 శాతం డీట్ ఉన్న, పురుగుల్ని దూరంగా ఉంచే మందు రాసుకోండి.

3. చీకట్లో కారు, చీకట్లో నడక

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరే ప్రయాణంలో మీరు వేటాడబోయే జింకే మీ కారుకు అడ్డం వస్తుంది. జత కట్టే కాలం కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో మగజింకలు ఒళ్లు మరిచి రోడ్లు దాటుతాయి. ఎదురైతే బ్రేకు గట్టిగా తొక్కండి, స్టీరింగ్ మాత్రం తిప్పకండి. జింకను గుద్దితే బానెట్ పోతుంది. జింకను తప్పించబోయి చెట్టునో ఎదురు లారీనో గుద్దితే మనిషే పోతాడు. ఒకటి దాటిందంటే వెనకే ఇంకోటి ఉంటుందనుకునే నడపండి.

కారులో తుపాకి ఖాళీగా ఉండాలి. మంచె మీద కూర్చునేదాకా కూడా ఖాళీగానే ఉంచండి. నడిచేటప్పుడు దీపం వెలిగించుకునే నడవండి. జింకలు బెదురుతాయని కొందరు ఆర్పేస్తారు. చీకట్లో చప్పుడు చేసుకుంటూ వచ్చే ఆకారాన్ని ఇంకో వేటగాడు మనిషిగా గుర్తించాలంటే ఆ దీపమే ఆధారం.

ముళ్లకంచె వస్తే తుపాకి పట్టుకుని దాటొద్దు. ఖాళీగా ఉందని ఇంకోసారి చూసుకుని, బోల్టు (తూటా పెట్టే చోటును మూసే కడ్డీ) తెరిచి, గొట్టం మీకు ఎదురుగా లేకుండా కంచె కింద నుంచి అవతలికి జరపండి. గుంజ పక్కన, తీగ బిగుతుగా ఉన్నచోట మీరు దాటండి. ఇద్దరుంటే ఒకరు దాటాక రెండోవాళ్లు తుపాకులు అందించాలి. కాలుజారి పడితే, లేచాక మొదట చూడాల్సింది మోకాలు కాదు, గొట్టం. కొనలో అంగుళం బురదో మంచో ఇరుక్కుని ఉండగా పేల్చారంటే గొట్టం పగలవచ్చు. బోల్టు తీసి వెనక నుంచి వెలుతురు కనపడుతోందా చూడండి.

దక్షిణాది రాష్ట్రాల్లో నవంబరులోనూ ఎండ కాసే రోజుల్లో పాములు బయటికొస్తాయి. టెక్సస్‌లో ర్యాటిల్‌స్నేక్‌దే పేరు. తోక చివరి గిలక ఆడించాకే కాటేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి, చప్పుడే లేకుండా కాటేసే సందర్భాలు ఎన్నో. తన పొడవులో సగం దూరం దాకా విసురుగా కాటు వేయగలదు. దుంగ అడ్డొస్తే దాని మీద నుంచి అవతలికి అడుగు వేయకండి. దుంగ మీదే నిలబడి, అవతల చూసి దిగండి. చేయి పెట్టే ప్రతి చోటా ముందు దీపం వేయండి. చంపిన పాము తలను కూడా ముట్టుకోవద్దు, మొండెం నుంచి వేరైన తల గంట దాకా కరుస్తుంది.

కరిస్తే పాముకు దూరంగా జరిగి కూర్చోండి. ఉంగరాలు, గడియారం తీసేయండి, వాపు వచ్చాక రావు. 911కు ఫోన్ చేయండి. వాపు అంచున పెన్నుతో గీత గీసి టైము రాయండి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, ఐబుప్రొఫెన్ మింగడం, ఇవేవీ చేయొద్దు. మన ఊళ్లలో కాటుకు పైన గుడ్డతో బిగించి కట్టే అలవాటు ఉంది చూడండి, అది ఇక్కడ అసలే వద్దు. ర్యాటిల్‌స్నేక్ విషం కండను కుళ్లబెడుతుంది. కట్టు కట్టి ఆ విషాన్నంతా ఒకేచోట నిలబెడితే కాలు పోవచ్చు. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 ఫోన్‌లో దాచుకోండి.

4. మంచె ఎక్కడం

పొలాల్లో పిట్టల్ని తోలే మంచె గుర్తుందా? ఆ లెక్కదే ఇది, కాకపోతే చెట్టు మానుకు 15-20 అడుగుల ఎత్తున ఇనుప పలకను పట్టీలతో బిగిస్తారు. ఈ ఎత్తు నుంచి పడితే వెన్నుపూస చిట్లడం, కాళ్లు చచ్చుబడటం మామూలే. పైన కునికిపాట్లు పడి జారేవాళ్ల కన్నా, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మరీ ముఖ్యంగా నిచ్చెన మీంచి పలక మీదికి అడుగు మార్చే ఆ క్షణంలో పడేవాళ్లే ఎక్కువ. పైకెళ్లాక బెల్టు పెట్టుకుంటే చాలనుకోవడంలో ఉన్న తప్పు అదే.

మంచె కట్టే పని వేటరోజున పెట్టుకోవద్దు. రెండు మూడు వారాల ముందు, పగటిపూట, ఇద్దరు ముగ్గురు కలిసి చేయండి. చెట్టు బతికుండాలి, నిటారుగా ఉండాలి. యాష్ చెట్టు వద్దే వద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు తొలిచి కోట్ల చెట్లను నిలువునా చంపింది, పైకి బాగానే కనపడినా కొమ్మ పుటుక్కున విరుగుతుంది. తలెత్తి చూడండి, ఎండుకొమ్మ ఏదైనా పైన వేలాడుతుంటే వేరే చెట్టు చూసుకోండి. పోయినేడు కట్టి వదిలేసిన మంచె ఎక్కాల్సి వస్తే పట్టీలన్నీ మార్చాల్సిందే. ఏడాదిలో మాను లావెక్కి పట్టీని లాగేస్తుంది, ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది, ఉడతలు కొరుకుతాయి.

హార్నెస్ (పడినా ఆపేలా ఒంటికి కట్టుకునే పట్టీలు) ఒళ్లంతా పట్టేది కావాలి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు పడ్డప్పుడు పొట్టను నొక్కి ఊపిరాడకుండా చేస్తుంది. హార్నెస్ లేబుల్ మీద తయారైన తేదీ ఉంటుంది. మామూలుగా ఐదేళ్లకు మార్చేయమంటారు. ఒక్కసారి బరువు పడితే ఇక దాన్ని వాడకూడదు. కుట్లు చూసి, తొడ పట్టీలు బిగించి, ఇంట్లో నేల మీదే ఒకసారి తొడుక్కుని చూడండి.

అన్నిటికన్నా మేలు లైఫ్‌లైన్. చెట్టుకు, మంచె పైన, మీరు నిలబడితే తలకన్నా ఎత్తులో ఒక కొస, మొదట్లో ఇంకో కొస కట్టే 30 అడుగుల మోకు అది. దాని మీద ప్రూసిక్ అనే ముడి ఉంటుంది. చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. నేల మీద నిలబడే కొక్కెం ముడికి తగిలించుకోండి. ఎక్కుతూ ముడిని మీకు పైనే జరుపుకుంటూ వెళ్లండి. దిగి కాళ్లు నేలను తాకేదాకా ఆ కొక్కెం విప్పొద్దు. రెండు చేతులు ఒక కాలు గానీ, రెండు కాళ్లు ఒక చేయి గానీ ఎప్పుడూ నిచ్చెనకు అంటుకుని ఉండాలి. అంటే చేతుల్లో ఏమీ ఉండకూడదు.

తుపాకి ఎలా మరి? దానికో తాడు. ఖాళీ చేసి, బోల్టు తెరిచి, గొట్టం కింది వైపు ఉండేలా కట్టి నేల మీద ఉంచండి. తాడు ట్రిగర్ దగ్గరికి రాకూడదు. పైకెక్కి, కొక్కెం చూసుకుని, కూర్చున్నాక లాగండి. మీరు ఎక్కే వైపు కాకుండా పక్కవైపు నుంచి లాగితే, మీరు పడినా తుపాకి మీద పడరు. విల్లయితే బాణాల ములుకులకు మూత తప్పనిసరి. గుళ్లు నింపడం అన్నిటికన్నా చివర, దిగేటప్పుడు ఖాళీ చేయడం అన్నిటికన్నా ముందు.

కూర్చున్నాక మోకు వదులు లేకుండా సర్దుకోండి. వదులుగా ఉంటే పడ్డప్పుడు పలక కిందికి జారిపోతారు, తిరిగి ఎక్కడం మీ వల్ల కాదు. పడి వేలాడుతున్నారనుకోండి, హార్నెస్ కాపాడింది కదా అని ఊరికే ఉండొద్దు. తొడ పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి, కదలకుండా ఉంటే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. హార్నెస్‌తో వచ్చే సస్పెన్షన్ రిలీఫ్ పట్టీని ఉచ్చులా వేసి అందులో పాదం పెట్టి నిలబడండి, కాళ్లు ఆడించండి, మానును తంతూ ఉండండి. మంచె ఎక్కేముందు ఫోన్, ఈల సంచిలోంచి తీసి ఛాతీ జేబులో పెట్టుకోవాల్సింది ఇందుకే. సంచి పైన కొక్కేనికి వేలాడుతుంటే అది మీకు అందదు.

మానును పాకుతూ ఎక్కించే క్లైంబర్ రకమైతే పైభాగాన్ని, కిందిభాగాన్ని ఒక తాడుతో కలిపి కట్టండి. కాళ్ల కింది పలక జారిపోయి, చేతుల మీద వేలాడుతూ ఉండిపోయే ప్రమాదం ఈ రకంలో ఉంది. వర్షానికో మంచుకో మాను జారుడుగా ఉంటే ఆ రోజు నేల మీదే కూర్చోండి.

టెక్సస్‌లో చెట్టు మంచెల కన్నా చెక్క గదుల్లాంటి బాక్స్ బ్లైండ్‌లు ఎక్కువ. వాటికి పడటం కన్నా లోపలి కాపురాలు ప్రమాదం. ఏడాదంతా మూసి ఉన్న గదిలో కందిరీగలు తుట్టె పెడతాయి, మూలల్లో తేళ్లు, కుర్చీ కింద పాములు చేరతాయి. సీజన్‌కు ముందు ఒకరోజు వెళ్లి దులపండి. వేటరోజున తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి, కప్పు మూలలన్నీ దీపంతో చూశాక అడుగు పెట్టండి. పది అడుగుల ఎత్తున కందిరీగ కుడితే కంగారులో దూకేస్తారు, కుట్టిన చోటు కన్నా విరిగిన మడమకే ఎక్కువ రోజులు పడుతుంది. లోపల ప్రొపేన్ హీటర్ పెడితే రెండు కిటికీలు కాస్త తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, నిద్రమత్తు వస్తే ముందు బయటికి రండి.

5. పేల్చాలా వద్దా

చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా పేల్చవచ్చు. ఆ రెండు అరగంటలే కళ్లు మోసం చేసే వేళలు. పొదలో ఏదో కదిలితే బైనాక్యులర్‌తో చూడండి, తుపాకి మీది స్కోప్‌తో కాదు. స్కోప్‌తో చూశారంటే తుపాకి అటు గురిపెట్టినట్టే, అక్కడున్నది ఇంకో వేటగాడు కావచ్చు. కొమ్ముల్ని లెక్కపెట్టే ముందు జంతువు మొత్తం కనపడాలి. దాని వెనక ఏముందో కూడా కనపడాలి. థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్ తూటా మూడు మైళ్ల దూరం కూడా పోగలదు. గుట్ట అంచున ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ జింకను వదిలేయండి. మంచె మీంచి పేల్చడంలో ఉన్న సుగుణం ఏమిటంటే తూటా నేలలోకి దిగుతుంది.

షాట్‌గన్ వాడేవాళ్లు 12 గేజ్, 20 గేజ్ తూటాలు (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ సన్నం) ఒకే జేబులో వేసుకోవద్దు. 20 గేజ్‌ది 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. అది కనపడక దాని వెనక 12 పెట్టి పేల్చారంటే గొట్టం చేతిలోనే పేలిపోతుంది. ట్రిగర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని అలాగే భద్రమైన వైపు ఉంచి 30 సెకన్లు ఆగి అప్పుడు తెరవండి.

6. నిజంగానే జంతువు ఎదురైతే

మొదట మీరున్న రాష్ట్రంలో ఏ జంతువు ఉందో తెలుసుకోండి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినాల్లో ఉండేది నల్ల ఎలుగు. మంచె కిందికి వచ్చి వాసన చూస్తుంటే కదిలి, గట్టిగా మాట్లాడితే సాధారణంగా వెళ్లిపోతుంది. నేల మీద ఎదురైతే పరుగెత్తొద్దు, ఒళ్లు పెద్దగా కనపడేలా చేతులెత్తి వెనక్కి నడవండి. మీద పడితే చచ్చినట్టు పడుకోవడం దీనికి పనికిరాదు, ముక్కు మీద, కళ్ల మీద దొరికినదానితో కొట్టండి.

మోంటానా, వ్యోమింగ్, ఐడహోల్లో ఉండే గ్రిజ్లీ ఎలుగు లెక్క వేరు. అక్కడ తుపాకి చప్పుడుకు, పేగుల వాసనకు వచ్చే గ్రిజ్లీలు ఉన్నాయి. బేర్ స్ప్రే (ఎలుగు మీద చిమ్మే మిరప ఘాటు మందు) లేకుండా అక్కడ కాలు పెట్టొద్దు. డబ్బా 7.9 ఔన్సులకు తగ్గకూడదు, గడువు తేదీ దాటకూడదు, సంచిలో కాకుండా నడుముకు ఉండాలి. ఎలుగు మీదికి వస్తుంటే క్లిప్పు లాగి, 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగానే, కాస్త కిందికి గురిపెట్టి, మీకూ దానికీ మధ్య పొగతెర లేచేలా కొట్టండి. గాలి మీ వైపు వీస్తుంటే మీక్కూడా కళ్లు మండుతాయి, అయినా కొట్టాల్సిందే. పిల్లల కోసమో ఆహారం కోసమో బెదిరి మీద పడ్డ గ్రిజ్లీ అయితే బోర్లా పడుకుని, వేళ్లు మెడ వెనక అల్లి, కాళ్లు ఎడంగా పెట్టి, కదలకుండా ఉండండి.

జింకను రాత్రికి వదిలి మర్నాడు రావాల్సి వస్తే పేగుల కుప్పకు కనీసం వంద గజాల దూరంలో, దూరం నుంచి కనపడే బయలులో పెట్టండి. మర్నాడు బైనాక్యులర్‌తో చూశాకే దగ్గరికెళ్లండి. గ్రిజ్లీ దాన్ని తనదిగా చేసుకుంటే ఇక అది దానిదే. ట్యాగు (లైసెన్సుతో వచ్చే, వేటాడిన జింకకు కట్టే చీటీ), టైము, ఖర్చు అన్నీ వదులుకోండి.

కొండ సింహానికి (ప్యూమా) వీపు చూపించొద్దు, వంగొద్దు. అడవిపంది కన్ను చురుకు కాదు గానీ ముక్కు చురుకు. పిల్లలున్న ఆడపంది, దెబ్బతిన్న మగపంది రెండూ ప్రమాదమే, కోరలు సరిగ్గా తొడ రక్తనాళం ఎత్తున తగులుతాయి. దెబ్బతిన్న పంది పొదలోకి దూరితే వెంటపడకండి. మీదికి వస్తే చెట్టు చాటుకు జరగండి, మూడు నాలుగు అడుగులు ఎక్కగలిగితే ఇంకా మంచిది.

7. జింక పడ్డాక

పడ్డ వెంటనే పరుగెత్తొద్దు. ఊపిరితిత్తులకు తగిలిందనిపించినా అరగంట కూర్చోండి. నెత్తుటి జాడలో పచ్చటి జీర్ణపదార్థం, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలినట్టు, అప్పుడు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగాలి. తొందరపడి లేపితే అది మైళ్లకొద్దీ పరుగెత్తుతుంది, మీరు చీకట్లో దారి తప్పుతారు.

వెన్ను వైపు నుంచి చేరండి, కాళ్ల వైపు నుంచి కాదు. చచ్చిన జింక కన్ను తెరిచే ఉంటుంది. కన్ను మూసి ఉంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. పొడవాటి కర్రతో కనుగుడ్డును తాకి చూడండి. రెప్ప కదిలితే వెనక్కి జరగండి. చచ్చిందనుకుని కొమ్ములు పట్టుకున్నప్పుడు లేచిన మగజింక కొమ్ములు, గిట్టలు కత్తుల్లాంటివి. నిర్ధారించుకున్నాక తుపాకి ఖాళీ చేసి పక్కన పెట్టండి.

కోసేటప్పుడు పొడవు చేతి తొడుగులు వేసుకోండి. అడవిపంది అయితే ఇంకా ముఖ్యం, బ్రుసెల్లా సూయిస్ అనే సూక్ష్మజీవి రక్తం ద్వారా చేతి గాట్లలోకి పోతుంది. కత్తి మొద్దుబారితే ఎక్కువ బలం పెడతారు, ఎక్కువ బలం పెడితే జారుతుంది. ఎదురొమ్ము లోపల రెండు చేతులూ పెట్టి శ్వాసనాళం కోసేటప్పుడు కత్తి కనపడదు, అక్కడే వేళ్లు తెగుతాయి. ముందు ఎడమచేత్తో నాళాన్ని పట్టుకుని, ఆ చేయి ఎక్కడుందో తెలిశాక కోయండి. ఇద్దరూ ఒకేసారి ఒకే జింకలో చేతులు పెట్టొద్దు.

8. మోసుకురావడం

పేగులు తీసిన మగజింక వంద పౌండ్లు దాటడం మామూలే. చలిలో, బరువు బట్టల్లో, ఎగుడుదిగుడు నేల మీద దాన్ని ఈడ్వడమంటే వారంలో ఐదు రోజులు కుర్చీలో కూర్చునే గుండెకు ఒక్కసారిగా పెద్ద పరీక్ష. దక్షిణాసియావాళ్లలో గుండెజబ్బులు త్వరగా వస్తాయన్నది తెలిసిందే. నలభై దాటి, షుగరో బీపీయో ఉంటే సీజన్‌కు ముందు డాక్టరుకు చూపించుకోండి. చక్రాల బండి గానీ ప్లాస్టిక్ స్లెడ్ గానీ తీసుకెళ్లండి. యాభై అడుగులకోసారి ఆగండి. కోటు విప్పి లాగండి, ఆగినప్పుడు తొడుక్కోండి. ఛాతీ బిగుతు, దవడ నొప్పి, ఎడమచేయి లాగడం ఉంటే జింకను అక్కడే వదిలేసి 911. భుజాన వేసుకుని మోసుకొచ్చే సినిమా పద్ధతి వద్దు, దూరం నుంచి మీరే జింకలా కనపడతారు. ఈడ్చేటప్పుడు కొమ్ములకు నారింజ గుడ్డ చుట్టండి.

తడిసి వణుకుతున్నవాళ్లు మాట తడబడి, చేతిలో వస్తువులు జారవిడుస్తుంటే చలి లోపలికి దిగిందని అర్థం. వణుకు ఆగిపోతే కుదుటపడ్డట్టు కాదు, ముదిరినట్టు. తడిబట్టలు విప్పించి, పొడివి చుట్టి, మింగగలిగితే తీపి పానీయం ఇవ్వండి. విస్కీ కాదు.

9. ఇంటికొచ్చాక

బట్టలు తడపకముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి, పిడుదులు చస్తాయి. స్నానం చేస్తూ గజ్జలు, చంకలు, మోకాలి వెనక, తలవెంట్రుకల అంచు చూసుకోండి. అంటుకుని ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పోయడం వద్దు. మూడు నుంచి ముప్ఫై రోజుల్లో చుట్టూ ఎర్రటి మచ్చ పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా డాక్టరుకు పిడుదు సంగతి చెప్పండి. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ పిడుదు ఇంకో తమాషా చేస్తుంది. దాని కాటు తర్వాత కొందరికి ఆల్ఫా-గాల్ ఎలర్జీ పట్టుకుంటుంది. వేటమాంసం, పంది, గొడ్డు, పొట్టేలు, ఏది తిన్నా రెండు నుంచి ఆరు గంటల తర్వాత దద్దుర్లు, వాంతులు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. రాత్రి మటన్ బిర్యానీ తిని అర్ధరాత్రి దద్దుర్లతో లేస్తే ఈ సంగతి గుర్తు చేసుకోండి. కోడి, చేపలకు ఈ బాధ లేదు.

చివరగా వంటిల్లు, ఇక్కడ మన అలవాట్లే మనకు అడ్డం. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు జింకల్లో ఉంది. 1967లో కొలరాడోలో మొదట కనపడింది, టెక్సస్‌లో 2012లో బయటపడింది, ఇప్పుడు దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. మనుషులకు సోకిన దాఖలా లేదు, అయినా జబ్బున్న ప్రాంతాల్లో పరీక్ష చేయించాకే తినమని, జబ్బు ఉందని తేలితే తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. దీనికి కారణమైన ప్రియాన్లు (రూపం చెడిన ప్రోటీన్లు) ఉడికించినా చావవు. ప్రెషర్ కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ పెట్టినా అంతే. చూడ్డానికి జింక ఆరోగ్యంగానే ఉండొచ్చు. కాబట్టి తలకాయకూర, భేజా ఫ్రై, వెన్నెముక ముక్కల పులుసు జింకతో పెట్టుకోవద్దు. రంపంతో వెన్ను కోయకుండా కండను ఎముక నుంచి ఒలిచి తీసుకోండి. తూటా తగిలిన చోటు చుట్టూ మాంసం కోసి పారేయండి, సీసం రవ్వలు కంటికి కనపడనంత దూరం చిమ్ముతాయి. పిల్లలకు, గర్భిణులకు పెట్టేదుంటే రాగి తూటాలతో వేటాడింది మేలు.

మెడ దగ్గరి గ్రంథుల నమూనా రాష్ట్ర వన్యప్రాణి శాఖ కేంద్రంలో ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆ జింక మాంసాన్ని వేరే ప్యాకెట్లలో తేదీ, ట్యాగు నంబరు రాసి ఫ్రీజర్‌లో ఉంచండి, ఇంకో జింకదానితో కలపకండి. జబ్బు ఉందని తేలితే పెరట్లో పాతిపెట్టొద్దు. ఆ మాంసాన్ని ఎలా వదిలించుకోవాలో అదే శాఖ చెబుతుంది, మామూలుగా రెండు సంచుల్లో మూటకట్టి ల్యాండ్‌ఫిల్‌కు పంపమంటారు.